యేసేపు చెవిన పడ్డ గొంతు

వినడం యేసేపు ఉద్యోగం కాదు. కలపడం వరకే అతని ఉద్యోగం. ఎమ్మిగనూరులో ఎవరు ఫోను పిడి తిప్పినా ఎక్స్ఛేంజి బోర్డు మీద వాళ్ల నంబరు దగ్గర చిన్న రేకు టప్పున కిందపడేది. అక్కడ ఒక ప్లగ్గు దూర్చి "నంబర్ ప్లీజ్" అనాలి. అడిగిన నంబరులో జోడు ప్లగ్గు దూర్చి గంట కొట్టాలి. రెండు గొంతులు కలిశాక కీ పైకెత్తి తప్పుకోవాలి. పొద్దుటి డ్యూటీ చేసే మొయినుద్దీన్ అట్లాగే తప్పుకునేవాడు. మధ్యాహ్నం డ్యూటీ యేసేపుది. అతను కీ ఎత్తేవాడు కాదు.

చెడ్డవాడని కాదు. చెవి ఆత్రం, అంతే. ఎవరి కూతురు అలిగి పుట్టింటికొచ్చింది, ఏ సేటు బొంబాయి ధర విని గుండె పట్టుకున్నాడు, ఏ డాక్టరు ఏ రోగిని కర్నూలుకు తోలేస్తున్నాడు, అన్నీ అతనికి ముందే తెలియాలి. తెలిసింది కడుపులో దాచుకునే రకమూ కాదు. సాయంత్రం హోటల్లో టీ గ్లాసు పట్టుకుని ఒక్కొక్కటే వదిలేవాడు. ఊరు అతన్ని రేడియో అని పిలిచి నవ్వేది. ఆ నవ్వులో తనకేదో గౌరవం ఉందనుకుని ఈ వెర్రిబాగులవాడు కూడా నవ్వేవాడు. తమ గుట్టు కూడా అతని చెవిలో ఉందని ఊళ్లో ఒక్కరికీ తట్టలేదు. ఎదుటివాడి గుట్టు వినేటప్పుడు ఎవరికి తడుతుంది గనక!

బోర్డు మీద పదకొండో నంబరు శేషన్నది. కాలువ పనుల కాంట్రాక్టరు. ఆయన గొంతు ఎప్పుడూ లేచేది కాదు. లేవాల్సినవి ఆయన మనుషుల చేతులు. కిందటి దసరాకు, అంటే డెబ్బై ఎనిమిదిలో, దేవరగట్టు కర్రల జాతరలో ఎల్లప్ప అనే కాంట్రాక్టరు తల పగిలి చచ్చిపోయాడు. శేషన్నకు పోటీగా టెండరు వేసినవాడు. ఆ జాతరలో దెబ్బ ఎవరిదని అడగడం లేదు. దేవుడి ముందు తగిలిన దెబ్బ అనుకుని పసుపు అద్దుకుని ఇంటికి పోతారు. అన్ని వేల కర్రల్లో ఒక గొడ్డలి కలిసిపోతుందని శేషన్న లెక్క వేశాడు. లెక్క సరిగ్గానే కుదిరేది, ఆయన గుమాస్తా కృష్ణప్ప పక్కనే ఉండి ఆ గొడ్డలినీ దాన్ని పట్టుకున్న శేషన్న మనిషి బజారినీ కళ్లారా చూడకపోయి ఉంటే. కృష్ణప్ప పోలీసులకు సాక్ష్యం రాసిచ్చి అటు నుంచి అటే ఊరు విడిచాడు. ఎక్కడున్నదీ ఎవరికీ తెలియదు. పెళ్లాం మద్దమ్మ మగ్గాల వీధిలో నూలు చుట్టుకుంటూ ఉండిపోయింది. బజారి బెయిలు మీద ఊళ్లోనే తిరుగుతున్నాడు.

మార్చి నెలలో ఒకనాడు శేషన్న యేసేపును తన షెడ్డుకు పిలిచి టీ ఇప్పించాడు. అంతటివాడు పక్కన కూర్చోబెట్టుకుంటే యేసేపు పొంగిపోయాడు.

"యేసేపన్నా, మా కృష్ణప్ప పెండ్లాం దిగులు పడి సగమైపోయిండాది. సూడలేకపోతాండాను. మొగుడు ఫోనన్నా సేస్తాండాడా, లేదా?" అన్నాడు శేషన్న.

"సెయ్యక యాడికి పోతాడప్పా?" అన్నాడు యేసేపు. తనకు తెలిసింది ఎదుటివాడికి తెలియదన్న సంబరం అతన్ని ఆగనివ్వలేదు. "సోమారం, బేస్తారం గోవిందన్న అంగడికి పి.పి. కాల్ వస్తాది. మద్దమ్మను పిలిపించమని. ఆదోనిలో ఉస్మాన్ సాబ్ పత్తి మండీ నుంచి. పేరేమో అబ్దుల్ రహీమ్ అని సెప్తాడు. పేరు మారిస్తే గొంతు మారుతాదా? ఆ దగ్గు నాకు తెల్దా?"

"అబ్దుల్ రహీమా!" అని శేషన్న కడుపుబ్బ నవ్వాడు. యేసేపూ నవ్వాడు. ఇంకో టీ వచ్చింది.

ఆ బేస్తవారం కాల్ వచ్చింది. ఆదోని ఆపరేటరు "అబ్దుల్ రహీమ్, పి.పి., మద్దమ్మకు" అన్నాడు. యేసేపు గోవిందన్న కిరాణా అంగడికి గంట కొట్టాడు. అంగడి పక్క ఇల్లే కాబట్టి మద్దమ్మ ఒక్క పరుగున వచ్చింది. యేసేపు కీ ఎత్తకుండా, గోడకు చేరబడి, చెవి అప్పగించాడు.

"తిన్న్యావా?" అంది మద్దమ్మ.

"తిన్న్యా. సాబ్ ఇంట్లోంచే వస్తాది అన్నం. నువ్వు దిగులు పడొద్దు. కోర్టులో సెప్పేసినాంక ఇద్దరం..." అని కృష్ణప్ప దగ్గాడు.

తరువాత తలుపు గోడకు కొట్టుకున్న చప్పుడు వచ్చింది. "ఏయ్, ఎవుర్రా మీరు?" అని ముసలి గొంతు, అది ఉస్మాన్ సాబ్‌ది. కృష్ణప్ప "వద్దన్నా, వద్దు, వద్..." అన్నాడు. కొబ్బరికాయ రాతికి కొట్టినట్టు ఒక చప్పుడు. మళ్లీ ఒకటి. మళ్లీ. రిసీవరు జారి గోడకు తగులుతూ ఊగుతున్నట్టుంది, అరుపులు దగ్గరకొస్తూ దూరం పోతూ వినిపించాయి. కృష్ణప్ప గొంతులోంచి మాట కాకుండా నీళ్లు పుక్కిలించినట్టు ఏదో వచ్చింది. ఇటు మద్దమ్మ "ఏమైందయ్యా? ఏందా సప్పుడు? సెప్పు! సెప్పయ్యా!" అని గోవిందన్న అంగడి దద్దరిల్లేట్టు అరుస్తోంది.

ఎవరో రిసీవరు అందుకున్నారు. ఒగరుస్తూ, ముక్కులోంచి ఒక గొంతు వచ్చింది.

"అయిపోయిండాది. పెట్టేయ్."

యేసేపు చేతిలోని పెన్సిలు కిందపడింది. ఆ గొంతు అతనికి తెలుసు. వారానికి నాలుగుసార్లు పదకొండో నంబరు నుంచి శేషన్న తరఫున కాల్ అడిగే గొంతు. ఎప్పుడో తగాదాలో ముక్కు విరగ్గొట్టించుకున్న బజారి గొంతు.

మండీలో పడినవాళ్లు తలకు తువ్వాళ్లు చుట్టుకుని కళ్లు మాత్రమే కనపడేట్టు వచ్చారట. కృష్ణప్ప తల మొండెం మీద నిలవలేదట. అడ్డం పోయిన ఉస్మాన్ సాబ్‌కు కుడిచేతి వేళ్లు రెండు తెగిపోయాయి. హోటల్లో ఈ సంగతులన్నీ ఇంకెవరో చెబుతుంటే యేసేపు మొదటిసారి నోరు మూసుకుని విన్నాడు. మద్దమ్మ పోలీస్ స్టేషనుకు పోయి తను విన్నది చెప్పింది. "గొంతు విన్నానంటావు. ఎవరి గొంతు తల్లీ?" అని అడిగారు. ఆమెకు తెలియదు. మళ్లీ వింటే పట్టేస్తానంది. ఊళ్లోని మగవాళ్లందరినీ తెచ్చి నీ ముందు మాట్లాడించాలా అని వాళ్లు రాసుకోకుండానే పంపేశారు.

తెలిసినవాడు యేసేపు ఒక్కడే. చెబితే, నువ్వెందుకు విన్నావని అడుగుతారు. ఆ తర్వాత, కృష్ణప్ప ఆ మండీలో ఉన్నట్టు శేషన్నకు ఎవరు చెప్పారని అడుగుతారు. పై ఆదివారం శేషన్న ఇంటి నుంచి పొట్టేలు తొడ వచ్చింది. పెళ్లాం దానమ్మ సంబరంగా వండి వడ్డించింది. యేసేపు ఎముక మీద కత్తి దెబ్బ చూసి, పెరట్లోకి పరిగెత్తి కక్కుకున్నాడు.

"ఏమైందయ్యా? జరమా?" అంది దానమ్మ.

"ఇంక ఆ ఇంటి కూర మన ఇంట్లో వండొద్దు" అన్నాడు.

చంపించినవాడికంటే తనే పాపాత్ముడినని అతనికి అనిపించేది. శేషన్న కనీసం పగతో చేశాడు. తను ఒక టీ కోసం, ఒక నవ్వు కోసం చేశాడు.

ఆదోనిలో ఉస్మాన్ సాబ్ కట్టు కట్టిన చేయి ఎత్తి బజారు నడిమధ్యలో చెప్పాడు, నరికేటప్పుడు ఒకడి తువ్వాలు జారింది, వాడి మొహం నా కళ్లల్లో ఉంది, పోలీసులు వరసలో నిలబెడితే వేలు పెట్టి చూపిస్తాను అని. వేళ్లు పోయిన మనిషి ఆ మాట అంటే జనం నవ్వలేక తలలు దించుకున్నారట. ఆ కబురు ఎమ్మిగనూరు చేరిన మర్నాడు, మొయినుద్దీన్ డ్యూటీ దిగే వేళకు పదకొండో రేకు పడింది. శేషన్నే స్వయంగా ఆదోనిలో ఒక లాడ్జి నంబరు అడిగాడు. యేసేపు కలిపాడు. చెయ్యి కీ మీదికి పోయింది. ఎత్తేద్దామనుకున్నాడు. ఎత్తలేదు. ఈసారి ఆత్రంతో కాదు, భయంతో.

"సుక్రారం నమాజు అయినాంక ఆ సాయిబు మసీదు నుంచి మండీకి సందులో నడిసి వస్తాడు" అన్నాడు శేషన్న. "ఆడ అంగళ్లు ఉండవు. మండీలో మాదిరి సగం పని సేసి రావొద్దు. ఇంటాండావా?"

"ఇంటాండాను. అయిపోయిండాదనుకో" అంది ముక్కు గొంతు.

యేసేపు ఆ రాత్రి కన్ను మూయలేదు. ఒక మనిషి ప్రాణం అతని నాలుక మీద ఉంది. చెప్పకపోతే ఉస్మాన్ సాబ్ చస్తాడు. చెప్పినట్టు తెలిస్తే తను చస్తాడు. పేరు చెప్పకుండా ఆ మాట మాత్రం చేరవేస్తే? ఆలోచిస్తే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తన పేరు దాచుకోవాలని అతనికి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అనిపించింది.

మర్నాడు డ్యూటీలో, టికెట్ రాయకుండా, ఆదోని ఆపరేటరును లైన్ టెస్టింగని నమ్మించి మండీకి కలిపించుకున్నాడు. మాట్లాడే గొట్టం మీద తువ్వాలు మడిచి పెట్టాడు. పళ్లు లేని ముసలివాడి గొంతు పెట్టాడు.

"సాబ్, సుక్రారం ఆ మసీదు సందులో నడవొద్దు. నమాజు అయినాంక మిమ్మల్ని నరకనీకి మనుసులు కాసుకోనుంటారు."

"ఎవురు నువ్వు?"

"ఎవురైతే ఏంది సాబ్? నమ్మండి."

"పేరు సెప్పని మాట ఎట్లా నమ్మేది? నన్ను ఇంకో దారిలో పంపి ఆడ నరకరని ఏం గ్యారంటీ?"

ముసలాయన అడిగింది సబబే. యేసేపు శేషన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు అప్పగించాడు. ఆ కాల్ పోయిన లాడ్జి పేరు చెప్పాడు. దేవుని మీద ఒట్టు అన్నాడు. ఉస్మాన్ సాబ్ ఇంకా ఇంకా అడుగుతూనే ఉన్నాడు. బోర్డు మీది గడియారం ముల్లు తిరిగింది. ఇన్నేళ్లుగా ఊరు దాటిన ప్రతి కాల్లో ఆ ముల్లు అక్కడికొస్తే యేసేపు నోరు దానంతటదే తెరుచుకుంటుంది. తువ్వాలు పక్కకు జారింది, ముసలి గొంతు ఎటో పోయింది, అలవాటైన రాగంతో మాట బయటికి వచ్చేసింది.

"త్రీ మినిట్స్ అయినాయి సార్, పొడిగించమంటారా?"

చుట్టుపక్కల రెండు ఊళ్లలో ఫోనున్న ప్రతి ఇంటికీ తెలిసిన గొంతు అది. దాన్ని దాచాలని చూశాడు, తన నోటితోనే సంతకం పెట్టి ఇచ్చాడు.

"యేసేపూ?" అన్నాడు ఉస్మాన్ సాబ్ మెల్లగా. "నువ్వేనా? నువ్వు ఇంటావన్నమాట. అయితే మా కృష్ణప్ప మాటలూ ఇట్లే ఇనింటావు. అబ్దుల్ రహీమ్ అని ఆ పేరు పెట్టింది నేనే. ఆ పేరెనక ఎవురుండారో నాకూ, వానికీ, వాని పెండ్లానికీ తప్ప ఇంకొకనికి తెల్దనుకుంటి. నువ్వేనా సెప్పింది?"

యేసేపు ప్లగ్గు పీకేశాడు.

శుక్రవారం ఉస్మాన్ సాబ్ ఎప్పటిలాగే ఆ సందులోకి ఒక్కడే నడిచాడు. వెనక ఇరవై అడుగుల దూరంలో మండీ హమాలీలు వస్తున్నారని కాసుకున్నవాళ్లకు తెలియదు. కొడవలి లేవగానే హమాలీలు పత్తి బేళ్లను ఈడ్చే ఇనుప కొక్కేలతో మీద పడ్డారు. శేషన్న మనుషుల్లో ఒకడికి కొక్కెం గొంతులో దిగింది. చేప మాదిరి సందు చివరిదాకా ఈడ్చారట. ఇంకొకడి చెయ్యి మోచేతి దగ్గర వెనక్కి విరిగింది. బజారి గోడ దూకి తప్పించుకున్నాడు. ఆ మధ్యాహ్నమంతా ఆదోని కాల్స్ మీద కాల్స్. యేసేపు అన్నీ విన్నాడు. ఉస్మాన్ సాబ్ బతికాడని విన్నప్పుడు కళ్ల నీళ్లు తిరిగాయి. కొక్కెం దిగినవాడి తల్లి బళ్లారికి ఫోను చేసి చిన్న కొడుకుతో ఏడ్చింది విన్నప్పుడు ఆ నీళ్లు అట్లాగే నిలిచిపోయాయి. తన చెవిలో పడి బయటికి పోయిన ప్రతి మాటా ఎక్కడో ఒక చోట రక్తం చూస్తోంది.

శనివారం మధ్యాహ్నం పదకొండో రేకు పడింది. శేషన్న ఉస్మాన్ సాబ్ మండీ అడిగాడు. యేసేపు తన చేతులతో తనే కలిపాడు.

"సాబ్, జరిగిందేదో జరిగె" అన్నాడు శేషన్న, ఎప్పటి మెత్తని గొంతుతోనే. "మీ జోలికి ఇంక మా మనుసులు రారు. నా మీద మీరేం సెప్పుకుంటారో కోర్టులో సెప్పుకోండి. నాకు ఒక్క పేరు గావల్ల. మీకు ముందే సెప్పినోడు ఎవుడు?"

యేసేపు రెండు చేతులతో బోర్డు అంచు పట్టుకున్నాడు. అతని పేరు ఆ తీగ మీద అటూ ఇటూ ఊగుతోంది. ఉస్మాన్ సాబ్ దాచాల్సిన పని ఏముంది? కృష్ణప్పను అన్నం పెట్టి పోషించిన మనిషి. అదే కృష్ణప్ప కోసం వేళ్లు పోగొట్టుకున్న మనిషి. ఒక్క మాటతో ప్రాణమూ దక్కుతుంది, కసీ తీరుతుంది.

"నాకు తెల్దు" అన్నాడు ఉస్మాన్ సాబ్.

"గొంతు పట్టలేదా?"

"పట్టినా సెప్పను శేషన్నా. నా ఇంట్లో దాక్కున్న పేరును ఒకసారి పోగొట్టుకున్న్యా. ఇంకో పేరును నా సేతులతో ఇయ్యను."

శేషన్న టక్కున పెట్టేశాడు. ఉస్మాన్ సాబ్ పెట్టలేదు.

"ఇంటాండావు గదా, యేసేపూ" అన్నాడు. "నిన్ను మాఫ్ సేసినానని అనుకోవద్దు. ఆ పని నాది కాదు, మద్దమ్మది. నీ పేరు నీ దగ్గరే పెడతాండాను. ఏం సేసుకుంటావో నీ ఇష్టం."

యేసేపు ప్లగ్గులు పీకుతుండగానే పదకొండో రేకు మళ్లీ పడింది.

"యేసేపన్నా" అన్నాడు శేషన్న. "ఆ మాట నాకు తెల్సు, లాడ్జిలో బజారికి తెల్సు. మూడోది ఈ తీగె. ఆ దినం మీ డ్యూటీలు మారే యాళకు కాల్ అడిగితి. ఇన్నింది నువ్వా, మొయినుద్దీనా?"

యేసేపు గోడ మీది కొక్కేనికి వేలాడుతున్న మొయినుద్దీన్ టోపీ వైపు చూశాడు. పొద్దున డ్యూటీ దిగి మరిచిపోయి వెళ్లాడు. ఏ గొంతూ వినని మనిషి. మొయినుద్దీన్ అంటే చాలు. శేషన్న నమ్ముతాడు. సాయిబుకు సాయిబు చెప్పాడని చెప్పకుండానే నమ్ముతాడు. ఇంటికి పోయి దానమ్మ చేతి అన్నం తినొచ్చు. రేపు మొయినుద్దీన్ తల ఏ గట్టు మీదో దొరుకుతుంది, ఎల్లుండి ఇంకో పొట్టేలు తొడ వస్తుంది.

"సెప్పన్నా. ఉన్నదున్నట్టు సెప్పు" అన్నాడు శేషన్న.

"నేనే" అన్నాడు యేసేపు. "కలిపిందీ నేనే, ఇన్నిందీ నేనే, సాబ్‌కు సెప్పిందీ నేనే."

అవతల చిన్నగా నవ్వు వినిపించింది. "మగోనివే. ఆడ్నే ఉండు" అని శేషన్న పెట్టేశాడు.

షెడ్డు నుంచి ఎక్స్ఛేంజికి ఎంతో దూరం లేదు. పారిపోవచ్చు. వెనక మెట్లున్నాయి. యేసేపు లేచి, తలుపు గడియ పెట్టి, బల్ల ఈడ్చి అడ్డం వేసి, మళ్లీ బోర్డు ముందు కూర్చున్నాడు. మొదట పోలీస్ స్టేషను నంబరులో ప్లగ్గు దూర్చాడు. తరువాత డాక్టరు ఇల్లు, నూనె మిల్లు, సినిమా హాలు, లాయరు ఇల్లు, హోటలు. చేతికందిన ప్లగ్గునల్లా ఒక్కో ఇంట్లో దూర్చి గంట కొట్టాడు. చివరికి గోవిందన్న అంగడి.

"మద్దమ్మకు పి.పి. కాల్. బిర్రన పిలువు" అన్నాడు.

"ఎవుర్నుంచి?" అన్నాడు గోవిందన్న.

"ఎక్స్ఛేంజి నుంచే. పేరు యేసేపు."

బోర్డు మీది కీలన్నీ కిందికి నొక్కాడు. అన్ని కీలూ నొక్కితే అన్ని లైన్లూ ఆపరేటరు దగ్గర ఒకటైపోతాయి. అట్లా చేయకూడదని మొదటి రోజే నేర్పిస్తారు. ఒక్కసారిగా ఊరు అతని చెవిలోకి వచ్చి పడింది. హలో, హలో ఎవరది, రాంగ్ నంబరా, ఏమయ్యా యేసేపూ. యేసేపు ఎదమీద వేలాడే మాట్లాడే గొట్టాన్ని నోటి దగ్గరకు లాక్కున్నాడు.

"ఎవురూ పెట్టొద్దండి. దేవుని మీద ఆన, పెట్టొద్దండి. ఇన్నాళ్లు మీ మాటలు నేను ఇన్న్యాను. ఈపొద్దు మీరు ఇనండి."

గడియ ఊడిపడింది. బల్లను తన్ని బజారి లోపలికొచ్చాడు, వెనక ఇంకో ఇద్దరు. తలకు తువ్వాళ్లు చుట్టుకోలేదు. ఈ గదిలో చూసేవాళ్లు ఎవరున్నారని?

"రా బజారీ" అన్నాడు యేసేపు గట్టిగా. "శేషన్న పంపినాడా?"

"పంపక పేరంటానికి వచ్చినానా, లంజాకొడకా?" అని బజారి కొడవలి ఎత్తాడు. యేసేపు చెయ్యి అడ్డం పెట్టాడు. ఎడమచేతి మీద పడ్డ దెబ్బకు మణికట్టు దగ్గర ఎముక తెల్లగా బయటికొచ్చింది. కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. గొట్టం ఎదమీదే ఉంది.

"కృష్ణప్పను గూడా ఈ కొడవలితోనేనా?" అన్నాడు, పళ్లు బిగబట్టి.

"వానికి ఒక్క ఏటు ఎక్కువేసినా. నీకు రెండేస్తా" అన్నాడు బజారి. రెండో దెబ్బ భుజం మీద దిగింది. "వాడు యాడుండాడో సెప్పిందే నువ్వు గదరా! టీ తాగి సెప్పితివి గదా శేషన్న ముందర! ఇపుడు నీకేమి పుట్టింది, రోగం?"

యేసేపు కళ్లు మూసుకున్నాడు. ఆ మాట వస్తుందని అతనికి తెలుసు. కీలు నొక్కేటప్పుడే తెలుసు. ఊరంతా విన్నది.

బజారి ఒంగి అతని జుట్టు పట్టుకుని తల వెనక్కి లాగాడు. మూడో దెబ్బకు చెయ్యి ఎత్తాడు. అప్పుడు యేసేపు తల మీంచి జారి నేల మీద పడ్డ హెడ్‌సెట్లోంచి చీమల బారు మాదిరి సన్నగా గొంతులు వస్తుంటే బజారి విన్నాడు. చెయ్యి ఆగిపోయింది. వాటన్నిటినీ చీల్చుకుని ఒక ఆడగొంతు వచ్చింది.

"వాడే! వాడే! అయిపోయిండాది పెట్టేయ్ అనింది ఆ గొంతే! నా మొగున్ని సంపిన గొంతు అదే! బజారిగాడు!"

బజారి బోర్డు వైపు చూశాడు. ప్లగ్గులన్నీ దూర్చి ఉన్నాయి, కీలన్నీ కిందికి ఉన్నాయి. అతనికి ఆ యంత్రం గురించి ఏమీ తెలియదు, కానీ ఊరు తనను వింటోందని అర్థమైంది. వెనక ఇద్దరూ అప్పటికే మెట్లు దిగుతున్నారు. కొడవలి అక్కడే పారేసి తనూ పరిగెత్తాడు.

గోవిందన్న అంగడి దగ్గర మూగి విన్న మగ్గాల వీధి అప్పటికే మెట్ల కిందికి వచ్చేసింది. ఏళ్ల తరబడి చూడలేదు, వినలేదు అంటూ బతికిన జనం. వినలేదని ఈసారి ఎవడూ అనలేడు, పక్కింటివాడూ విన్నాడని ప్రతివాడికీ తెలుసు. చేతికి దొరికిన మగ్గం చెక్కలతో, రోకళ్లతో మీద పడ్డారు. బజారి మోకాళ్లు విరిగిన చప్పుడు పైన గదిలోకి వినిపించింది. పోలీసులు రావడం ఇంకాస్త ఆలస్యమై ఉంటే అతను కూడా కోర్టు దాకా మిగిలేవాడు కాదు.

మొదట మెట్లెక్కి వచ్చింది మద్దమ్మ. జుట్టు ముడి ఊడిపోయి, పాదాలు దుమ్ము కొట్టుకుపోయి, ఒగరుస్తూ గుమ్మంలో నిలబడింది. రక్తంలో పడి ఉన్న యేసేపును చూసింది. ఒంగి బజారి పారేసిన కొడవలి చేతిలోకి తీసుకుంది.

యేసేపు ఆమెను ఆపడానికి చెయ్యి ఎత్తలేదు. ఎత్తడానికి చెయ్యి లేవలేదు కూడా.

"వాడు సెప్పింది నిజమేనమ్మా" అన్నాడు.

"ఇన్న్యాను" అంది మద్దమ్మ.

కొడవలి పట్టుకుని చాలాసేపు అట్లాగే నిలబడింది. ఆమె మొహంలో ఏ దయా లేదు. తరువాత కింద చతికిలబడి, తన చీర చెంగును కొడవలితో బర్రున చింపి, అతని మణికట్టు పైన చుట్టి, అతను కేక పెట్టేదాకా బిగించింది.

"నిన్ను సావనీయను" అంది, రెండో ముడి వేస్తూ. "కోర్టులో నిలబడి ఇదంతా ఇంకోసారి సెప్పాల. నీ నోటితో, నీ పేరుతో. సెప్పినాంక సచ్చిపో."

నేల మీద పడ్డ హెడ్‌సెట్లో ఇంకా ఎవరో హలో, హలో అంటున్నారు. మద్దమ్మ లేచి, ఏది ఏమిటో తెలియకపోయినా, బోర్డు మీది ప్లగ్గులు ఒక్కొక్కటే పీకేసింది.